తొంభై ఆరో గుంత

మా కాడ ఆకులు తీసుడు అంటె ఏదో కోత పని అనుకుంటరు. కోత గాదు. జొన్న మొలక మూడు వారాలదైనంక లేత ఆకు పట్టుకొని, కాగితాలకు పొక్కలు కొట్టే పంచు అసొంటి దానితోని చిన్న బిళ్ల కొట్టాలె. ఆ బిళ్లను ప్లాస్టిక్ ప్లేటుల ఒక గుంతల వెయ్యాలె. ప్లేటు అరచేతికన్న జర పెద్దగుంటది. దాంట్ల తొంభై ఆరు గుంతలు. మొదటి మొక్క ఆకు మొదటి గుంతల, రెండోది రెండో గుంతల, అట్ల తొంభై అయిదు మొక్కలకు తొంభై అయిదు గుంతలు. చివరిది ఖాళీగ ఇడిసిపెట్టాలె. పట్నంల ల్యాబోళ్లు ఆ బిళ్లల్లకెల్లి డీఎన్ఏ తీసి, ఏ మొక్కల ఏ గుణమున్నదో చెప్తరు. ఖాళీ గుంతల ఏమన్న వచ్చిందంటె ఎక్కడ్నో తప్పు జరిగిందని లెక్క. మాతోని పనిచేసే వదిన, మా వాడకట్టు ఆమె, దీన్ని జొన్నకు రక్తపరీక్ష అనేది. అట్ల అనుకున్నా తప్పు లేదు.

పదకొండేండ్లు ఆ పని చేసిన. మొయినాబాద్ నుంచి చేవెళ్లకు పోయే తొవ్వల, ఫామ్‌హౌసుల గోడల నడుమ ఉండె మా చేను. ఎంకపల్లి నుంచి ఆటోల పోతుంటి. నా చెయ్యి తప్పదని మేడం పదిమందిల చెప్పేది. నాకు గీర ఉండె. లేకుండె అంటె అబద్ధమైతది.

మేడం జొన్న మీద పరిశోధన చేసే మనిషి. కోస్తా యాస, పెద్ద చదువు, గండిపేట దిక్కుకెల్లి కారుల వచ్చి ఎండల మాతోని సమానంగ నిలవడేది. ఆమె తిప్పలంతా ఒక్క దాని కోసమే. ఈ దిక్కు పాత తెల్లజొన్న ఉన్నది చూడుండ్రి, దాని రొట్టె పొద్దుమీకి దాక మెత్తగుంటది. గాని పూత వచ్చినంక నీళ్లు అందకపోతె మొక్క ఎండిపోయి గింజ తాలైతది. వేరే దేశపు జొన్న ఒకటి ఉన్నది, తినడానికి పనికిరాదు గాని నీళ్లు లేకున్నా ఆకు పచ్చగనే ఉంటది. ఆ ఒక్క గుణాన్ని తెచ్చి మన జొన్నల పెట్టాలని మేడం తొమ్మిదేండ్ల సంది కలుపుడు, ఏరుడు, మల్ల కలుపుడు. పైకి చూస్తె గుణమున్న మొలక ఏదో, లేనిది ఏదో బ్రహ్మకు గూడ తెల్వదు. పరీక్షలనే తెలుస్తది.

ఆ యాసంగి ఆఖరిది. పంట కాంగనే చేను కౌలు అయిపోతది, మేడం కొలువు గూడ అయిపోతది. తొమ్మిదేండ్లు కలిపినంక చేతికొచ్చినవి తొంభై అయిదు గింజలు. అన్నీ విత్తినం, అన్నీ మొలిచినయి. ఇంకో గింజ లేకుండె. వాటిల్ల సరైన మొక్కలు ఏరుకొని విత్తనం తీస్తె మేడం పని నిలవడ్డట్టు. లేదంటె తొమ్మిదేండ్లు గంగల కలిసినట్టు.

ఆకులు తీసే రోజు పొద్దుగాల అవ్వ రొమ్ముల మంటగున్నదన్నది. బాపు పోయినంక నన్ను కన్న అవ్వ, నేను, మేమిద్దరమే ఉంటుంటిమి. నా పెండ్లి ముచ్చట ఇక్కడ అక్కర లేదు. "జర దవాఖానకు తోల్కపోతవా బిడ్డా" అన్నది. అవ్వ అట్ల అడిగే మనిషి గాదు. కాలు ఇరిగిన్నాడు గూడ నన్ను అడగలె, పక్కింటోళ్లను అడిగింది. నాకు అప్పుడన్న సమజ్ కావాలె, కాలె. రాత్రి తిన్నది పడలేదనుకున్న. "ఇయ్యాల ఆకులు తీసుడున్నదవ్వా. పగటీలికల్ల ఒడుస్తది, వచ్చినంక పోదాం, జర ఆగు" అన్న. "ఆగుత తియ్" అన్నది.

పక్కింటామెకు చెప్పి, ఏమన్న అయితె ఫోన్ చెయ్యమని పోయిన. చేన్ల రేకుల షెడ్డు కింద ఒక బల్ల ఉంటది. రోజు నేను గోడ దిక్కు కూసుంటుంటి. గోడ దిక్కు ఫోన్‌కు సిగ్నల్ అందదు. అందుకని ఆ రోజు బల్లకు ఇవతల, బయటి దిక్కు కూసున్న. వదిన మాత్రం ప్లేటును రోజు పెట్టినట్లే పెట్టి, ఆకులు తెంప పోయింది. నేను రోజు మొదలువెట్టినట్లే నా ఎడమచేతి దిక్కు అవతలి గుంతల మొదటి బిళ్ల వేసిన. నేను అటు నుంచి ఇటొచ్చిన గని ప్లేటు రాలేదు గదా. మొదటి గుంత ఏదో గుర్తువట్టనీకి ప్లేటు ఒక మూల కోసి ఉంటది. ఆ మూల దిక్కు నేను చూడనే లేదు. చూసుడు ఎప్పుడో మానేసిన. అట్ల మొదటి ఆకు పోయి చివరి గుంతల పడ్డది, అక్కడికెల్లి అన్నీ తల్లకిందులైనయి. నాకేం తెల్వదు అప్పుడు. వదిన నంబర్ చెప్పి ఆకు అందిస్తున్నది, నేను కొడుతున్న, కండ్లు ఫోన్ మీద.

సగమైనంక పక్కింటామె ఫోన్ చేసింది. జావ తాగి పండుకున్నది, జర నయమే అన్నది. పాణం నిమ్మలమైంది. మిగిలిన సగం గూడ కొట్టి, మూత వెట్టి, కొరియర్‌కు ఇచ్చి, ఇంటికి చేరేటాలకు మూడు దాటింది. అవ్వ మొఖమంత చెమట. ఆటోల చేవెళ్ల దవాఖానకు తీస్కపోయినం. గుండె అన్నరు, జల్ది పట్నం తీస్కపొమ్మన్నరు. అంబులెన్సు మొయినాబాద్ దాటలేదు, అవ్వ పోయింది.

మరునాడు సమాధుల తోటల పెట్టినం. మూడోనాడు ఇంట్ల ఆదరణ కూడిక అయింది. చర్చి అయ్యగారు ప్రార్థన చేసిండు, ఆడోళ్లంత నా ఈపు రాసుకుంట "ఏడువు బిడ్డా, ఏడిస్తె తేలికైతవ్" అన్నరు. మేడం గూడ పండ్లు పట్టుకొని వచ్చి ఒక మూలకు కూసున్నది. నాకు ఏడుపు రాలె. అవ్వ చీరలు మడతవెట్టిన. ఎవరియో చీరలు మడతవెడుతున్నట్లే ఉండె. ఐదోనాడు పనికి పోయిన. ఇంట్ల ఉండి చేసేది గూడ ఏమీ లేదు.

రెండు వారాలకు ఫలితమొచ్చింది. మేడం ఫోన్‌ల ఎనిమిది నంబర్లు పంపింది. తొమ్మిది, పదిహేడు, ఇరవై ఆరు, ఇంకో అయిదు. గుణమున్నవి ఇవి, వీటిని ఉంచి మిగిలినవన్నీ పీకెయ్యమన్నది. లేనివి ఉంటె వాటి పుప్పొడి కలుస్తది. నీళ్లు పెట్టి, నేల మెత్తవడ్డంక నేను, వదిన ఎనభై ఏడు మొక్కలు పీకినం. మోకాలెత్తు పెరిగినయి. లేత జొన్న బర్రె తింటె నాము విషం తగిలి పడిపోతది, అందుకని మేతకు వెయ్యకుండ నీళ్ల ట్యాంకు కింద కుప్ప వేసినం. మొక్కలకు కట్టిన నంబరు చీటీలు గూడ ఇప్పలేదు.

మరునాడు మేడం మొత్తం కాగితం పంపింది, చేను పుస్తకంల అతికించుమని. అతికించే ముందట ఒక్కసారి చూసిన. మొదటి గుంత ఖాళీ అని ఉన్నది. తొంభై ఆరో గుంతల జొన్న ఉన్నది. మేడం ఎనిమిది నంబర్లు ఏరుకొని చివరి గీత దాక చూసినట్లు లేదు. నాకు నిమిషం పట్టలె. కాగితం మీద తొమ్మిది అంటె నిజానికి ఎనభై ఎనిమిది. పదిహేడు అంటె ఎనభై. ఎనిమిదిటికి లెక్క కట్టిన. ఒక్కటన్న అటిటు రెండు దిక్కులా కలుస్తదేమోనని చూసిన. కలువలె. ఉంచినవన్నీ ఉత్తవి. ఉండాల్సినవన్నీ కుప్పల ఉన్నయి.

 నాకు ఏమీ అనిపించలె. కాగితం అతికించిన. గమ్ సీసకు మూత వెట్టిన. ఎనిమిది మొక్కల కాడ గడ్డి తీసి ఇంటికి పోయిన. అన్నం వండుకున్న, మామిడికాయ తొక్కుతోని తిన్న.

అట్ల మూడొద్దులు. చెప్పాలె అని తెలుసు. అప్పుడే చెప్తె కుప్పలకెల్లి తీసి మల్ల నాటుకోవచ్చని గూడ తెలుసు, జొన్న మొండిది. నోరు లేవలె. చెప్పకుంటె ఎవరికీ తెల్వదు, మేడం ఆ ఎనిమిదిటి విత్తనమే సంచుల కట్టుకొని పోతది, తప్పు బయటపడేనాటికి నేనెక్కడో. అట్ల లెక్కేసుకొని, భయపడి దాచిన్నంటె గూడ బాగుండు. భయం గూడ లేకుండె నాకు. ఒక్కటి మాత్రం ఉండె. ట్యాంకు దిక్కు పోయినప్పుడల్ల ఆ కుప్పను చూస్తె లోపల ఎక్కడ్నో మంచిగైంది అనిపించేది. మీకోసమే గదా అవ్వను ఆగుమన్న, ఎండుండ్రి అనిపించేది. పాపపు మాట అది. అనిపించింది గాబట్టి రాస్తున్న.

నాలుగోనాడు మేడం వచ్చింది. ఎనిమిది మొక్కల నడుమ నిలవడి ఒక్కొక్క ఆకు తడిమింది, ఫోటోలు తీసుకున్నది. కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి ఆమెకు. "తొమ్మిదేళ్లు. నువ్వు లేకపోతే అయ్యేది కాదు" అన్నది.

"ఇవి గావు మేడం" అన్న.

"ఏంటి?"

"ప్లేటు తిరగవడ్డది. నేను అటు మూలకెల్లి వేసిన. గుణమున్నవాటిని పీకేసినం."

పాల ప్యాకెట్ తేలేదని చెప్పినట్టు చెప్పిన. మేడం నన్నే చూసింది. తిట్టలె. "ఎప్పుడు తెలిసింది?" అన్నది. "మూడొద్దులైంది" అన్న. "ఎక్కడున్నాయవి?" అన్నది. ట్యాంకు దిక్కు చూపించిన.

అంత మనిషి ఉరికింది. కుప్ప కాడ బురదల మోకాళ్ల మీద కూసొని రెండు చేతులతోని మొక్కలు ఇటు అటు వేస్తున్నది. నేను నంబర్లు చెప్తున్న, ఆమె చీటీలు చదువుతున్నది. పైనున్నవి చేతుల వట్టుకుంటె బీడీ ఆకు లెక్క ఇరిగినయి. పచ్చగున్నది ఏదన్న దొరుకుతదేమో చూద్దామన్నా లేదు, ఆ గుణం పూత తర్వాతదే, పసి మొక్కల కనవడదు. అన్నీ ఒక్క తీరుగనే సచ్చినయి. అడుగున ఉన్నవాటికి మాత్రం ట్యాంకు కారి తడి తగిలింది. మాకు కావాల్సిన ఎనిమిదిట్ల మూడింటికి వేరు కాడ తెలుపు మిగిలింది. ఏడు, నలభై నాలుగు, డెబ్బై ఒకటి. ఎండిన ఆకులు కోసేసి, గోడ నీడకు నాటి, పైన గోనెసంచి కప్పినం. ఉత్త మొక్కలు ఎనిమిదిటినీ పీకినం.

చేతులు కడుక్కుంట అడిగింది మేడం. "తప్పు ఎవరైనా చేస్తారు. మూడు రోజులు ఎందుకాగావు?"

"ఏమో మేడం. అవ్వ పోయిన కాడికెల్లి ఏదీ లోపలికి పోతలేదు." ఇంక ఆపుడు చేతగాలె నాకు. ఆకులు తీసింది అవ్వ పోయిన రోజే అని చెప్పిన. పొద్దుగాల దవాఖానకు తోల్కపొమ్మని అడిగితె ఆగుమన్న అని చెప్పిన. మేడం నల్లా బంద్ చేసింది. అవ్వ అడిగిన ముచ్చట ఆమెకు తెల్వదు. "ఆ రోజు నేను ఆకులు తియ్యకపోతె ఏమయ్యేది మేడం?" అని అడిగిన. ఆమె చేతులు తుడుచుకొని కారెక్కి పోయింది.

ఏడో నంబరు వారంల పోయింది. మిగిలిన రెండు చాన దినాలు సావుబతుకుల మీద ఉండె. ఒక పొద్దుగాల సంచి ఎత్తి చూస్తె నలభై నాలుగుకు సుట్టుకున్న కొత్త ఆకు. వదిన సంబురపడ్డది. నాకు మాత్రం తిక్క లేసింది. నాలుగొద్దులు వేర్లు పైకివెట్టి పడేసినా ఆగినవు గదనే అనుకున్న. దాన్ని పీకి గోడ అవతలికి ఇసిరెయ్యాలనిపించింది. నీళ్లు పోసిన.

అందరి చేన్లకన్న ఆలస్యంగ ఆ రెండిటికీ పూతొచ్చింది. వేరే పుప్పొడి తగలకుండ కంకులకు కాగితం సంచులు తొడిగినం. గింజ పట్టింది. కంకి కోసిన రోజు నేను నలిచి చెరిగి ఇస్తె, మేడం గింజలు అరచేతుల పోసుకొని చానసేపు చూసింది. ఆమె పని నిలవడ్డది.

"అప్పుడు నువ్వు అడిగినదానికి నేను చెప్పలేదు" అన్నది. "ఆకులు వారం ఆలస్యమైనా ఏమీ అయ్యేది కాదు. ఒక్క ఫోన్ చేసి ఉంటే నేనే వెళ్లమని పంపేదాన్ని."

నేను తలూపిన. ఆమె ఏదో పెద్ద రహస్యం చెప్పినట్లు భయంభయంగ నా మొఖం చూస్తున్నది. ఆకులు ఎన్నొద్దులు ఆగుతయో పదకొండేండ్లు చేసినదానికి నాకు తెల్వదా. ఆ పొద్దుగాల అవ్వ అడుగుతున్నప్పుడు గూడ తెలుసు. నేను పోకుంటె మేడం ఆ ప్లేటు ఇంకెవరి చేతికన్న ఇస్తది, వాళ్లు తప్పు చేస్తరని పోయిన.