పెంటకుప్ప మీద లేచిన గిన్నెలు

మిరుగు కార్తె వానలు రెండు పడ్డయో లేదో, మా చెలకల పోయించిన గొర్రెపెంట మీద గోధుమరంగు గిన్నెలు మొలిచినయి. కాడ లేదు, గొడుగు లేదు. మైనం లెక్క పల్చగ, అంచులు లోపలికి ముడుచుకొని, ఒకదాన్నొకటి తోసుకుంట కుప్పంత లేచినయి. కోస్గి దిక్కు మాది వాన మీద బతికే చెలక. గా పెంటనే మా కందికి బలం.

బాపు చూసి అగ్గి మీద గుగ్గిలమైండు. "గొర్లకు రోగమొచ్చింది. దాసిపెట్టి నాకు అంటగట్టిండు" అన్నడు. ఆ పెంట ఇచ్చింది మా ఊరి గొర్లకాపరి, నేను మామా అని పిలిచే ముసలాయన. ఏటా ఎండకాలం ఆయన మందనే రాత్రిళ్లు మా చెలకల పండుతది, దొడ్డి పెంట గూడ ఆయనే తోలిస్తడు. బాపు ఊకుంటడా? చాయ్ హోటల్ కాడ పదిమందిల ఆయన్ని కడిగేసిండు. మామ ఏదో చెప్పబోతే "నోర్ముయ్" అన్నడు.

"సరే బావా, రేపు ట్రాక్టర్ తెచ్చి నా పెంట నేనెత్తుకపోత" అని మామ లేచి పోయిండు. గా రోగం మాట నిలిస్తే ఊర్లె ఇంకెవ్వరు ఆయన మందను చెలకలకు రానియ్యరు.

డిగ్రీల బాటనీ చదివి బడిల సైన్సు చెప్పే నేను ఎందుకున్న మరి? ఒక గిన్నెను టిఫిన్ డబ్బల పెట్టుకొని బడికి పోయిన. బ్లేడుతోని సన్నగ కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టిన. అబ్బ! సన్నని గొట్టాలు వందలు, పక్కపక్కన నిలవడ్డయి. ఒక్కో దాంట్ల ఎనిమిది సిద్ధబీజాలు, వరుస తప్పకుండ. అయోడిన్ చుక్కేస్తే గొట్టాల కొనలు నీలంగ మారినయి. అప్పుడు రూఢి అయింది, ఇది పెంట మీద, కంపోస్టు మీద పెరిగే గిన్నె శిలీంధ్రమే. పుట్టకొక్కులకు దూరపు సుట్టమే గని కూరకు పనికిరాదు. మురిగిన గడ్డిని, పెంటను తిని మట్టి చేస్తది. రోగం లేదు, పాడు లేదు. పెంట మీద మొలిచేదానికి గింత లెక్క ఎవలు పెట్టిండ్రు?

తెల్లారి మామ ట్రాక్టర్‌తోని వచ్చే యాళ్లకు నేను బాపును చెయ్యి పట్టి కుప్ప కాడ కూసోబెట్టిన.

"గిది రోగం కాదు బాపూ, పెంటను మట్టి చేసేది. ఊదు, మెల్లగ."

"నీకేమన్న పిచ్చి లేసిందా బిడ్డా?" అనుకుంటనే ఊదిండు.

కొద్దిసేపు ఏం లేదు. తర్వాత గిన్నెలల్లకెల్లి తెల్లటి పొగ భుస్సుమని లేచింది. లచ్చల బీజాలు ఒక్కసారే! చెవి దగ్గర పెడితే సన్నగ చప్పుడు గూడ వినవడ్డది. బాపు నోరు తెరిచిండు. "ఓరి దేవుడా, గిది ఊపిరి ఇడుస్తాంది!"

ఎనుక నిలవడ్డ మామ అన్నడు: "గొర్లు కాసుకుంట చిన్నప్పుడు గివి ఊదుకుంట ఆడుకునేటోళ్లం. గివి లేస్తే పెంట మంచిగ మాగుతాందని మా నాయిన చెప్పిండు. నిన్న గదే చెప్పబోతే నోరు మూయిస్తివి గద బావా."

బాపు అడగలే, సరే. సూక్ష్మదర్శిని దాక పోయిన నేను గూడ, పెంట ఇచ్చిన మనిషిని ఒక్క మాట అడగలే. నాకు తల ఎత్తబుద్ధి కాలే.

"తప్పయింది బావా. ఊరందరి ముంగట గిదే చెప్త" అన్నడు బాపు. ఆయన నోట గా మాట నేను ఇన్నది అదే మొదలు. మామ బాపు పక్కన కూసొని, ఇంకో గిన్నె మీద తనే ఊదిండు.