సరంగు తాళం వేసిన పైపు

సరంగు బాబాయి పోయారు. ఆ కబురు తెలిసేసరికి నేను కువైట్‌లోని సల్వాలో, పనిచేసే ఇంటి వాకిట్లో, పైపు పట్టుకుని నిన్నటి ఇసుక కడుగుతున్నాను. కోనసీమ నుంచి పిన్ని ఫోను చేసింది. "అబ్బాయ్, మీ బాబాయి ఎల్లిపోయారురా. కాఫీ తాగి అరుగు మీద కూచున్నోరు అలాగే ఒరిగిపోయారు" అంది. చేతిలోంచి జారిన పైపు మెలికలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతోంది. ఆయనే ఉంటే ముందు ఆ కుళాయి కట్టమని తిట్టి, తరవాత ఏడవనిచ్చేవారు.

"పదో రోజుకి రారా. నీ చేత్తో ఓ దోసెడు నీళ్ళు ఇస్తే ఆయన పేణానికి హాయిగా ఉంటాది" అంది పిన్ని. వస్తానన్నాను. అనకుండా ఎలా ఉంటాను.

నిజానికి ఆయన నాకు ఏ వరసా కారు. ఒకప్పుడు నేను వంట చేసిన ఓడలో ఆయన సరంగు, అంటే డెక్కు మీద పనివాళ్ళందరికీ పెద్ద. అందులో తెలుగువాళ్ళం మేమిద్దరమే కాబట్టి బాబాయి అయ్యారు.

ఇంటావిడని సెలవు అడిగాను. ఆవిణ్ణి అందరం మామా అంటాం, యజమానిని బాబా అంటాం. మామా చెడ్డమనిషి కాదు. పోయినవాళ్ళ కోసం ఇక్కడివాళ్ళు అనే మంచిమాట ఒకటి అని, "బాబా ఊరినుంచి రానీ, చూద్దాం" అంది. నా పాస్‌పోర్టు బాబా బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి ఎక్కడో విదేశాల్లో బాబా జేబులో ఉంది. మా డ్రైవరు కడప మనిషి. "ఆయప్ప నీకు సొంతమా అన్నా?" అని అడిగాడు. కాదన్నాను. "ఇంగ యాడిస్తారు సెలవు. మా నాయన పోయినప్పుడే నన్ను ఇడవలేదు" అన్నాడు. వాడి గొంతులో ఎకసెక్కమేమీ లేదు, ఉన్నమాట చెప్పాడు.

ఇలా ఇరుక్కోవడం నాకు కొత్త కాదు. కొన్నేళ్ళ కిందట ఇదే కువైట్‌లో, ఈ నేలకి ఎదురుగా నీళ్ళ మీద ఇరుక్కున్నాను. మాది పాత ఓడ. రేవు బయట లంగరేసి ఉండగా దాని యజమాని చేతులెత్తేశాడు. జీతాలు ఆగాయి, కేసు పడింది. కేసు తేలేదాకా ఓడ కదలకూడదు. మనిషి లేకుండా దాన్ని వదలకూడదు. వీసాల్లేవు గనక మేం ఒడ్డుకి దిగకూడదు. ఎటు చూసినా కూడదే. కళ్ళెదురుగా ఊళ్ళో కార్లు తిరుగుతుంటే ఏడుగురం ఆ ఇనప డబ్బాలో ఉడికిపోయాం.

తిండికి లోటు లేదు. బియ్యం ఉన్నాయి, గాలం వేస్తే చేపలు పడేవి. గండమల్లా మంచినీళ్ళతోనే. సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే యంత్రానికి డీజిల్ కావాలి, డీజిల్ అడుగంటింది. నీళ్ళ పడవ ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పేవాడు లేడు.

ఎండలు ముదరగానే బాబాయి మంచినీళ్ళ కుళాయికి తగిలించే రబ్బరు పైపుని చుట్టచుట్టి తన గదిలో పెట్టెలో పడేసి తాళం వేశారు. "పైపెట్టి కొట్టుకుంటే నీళ్ళ బరువు చేతికి తెలవదురా. మగ్గు ఎత్తి చూడు, తెలుస్తాది" అన్నారు. మనిషికి రోజుకి ఇన్ని మగ్గులని పెట్టారు, వంటకి నాకు విడిగా. డెక్కు మాత్రం రోజూ సముద్రంలోంచి బక్కెట్లతో తోడించి కడిగించేవారు. వదిలేసిన ఓడకి ఈ సింగారం ఎందుకు బాబాయ్ అంటే, "ఆడొదిలేశాడు. మనం ఇందులోనే పడుకుంటన్నాం కదా" అనేవారు.

పొద్దున్నే టీ అవగానే అందర్నీ నిలబెట్టి ట్యాంకు కొలిచేవారు. టేపు చివర ఉండే ఇత్తడి కడ్డీకి సుద్ద రాసి, సన్నటి గొట్టంలోంచి ట్యాంకులోకి వదిలేవారు. పైకి లాగితే సుద్ద ఎక్కడిదాకా కరిగిందో అంతవరకే నీళ్ళు. ఆ తడి గీతని పెళ్ళిలో మంగళసూత్రాల పళ్ళెం తిప్పినట్టు ఒక్కొక్కరి దగ్గరికీ తెచ్చి చూపించేవారు. కళ్ళు తిప్పుకుంటే ఊరుకునేవారు కాదు.

ఒడ్డున కువైట్ టవర్లు కనపడేవి. చువ్వలకి గుచ్చినట్టుండే ఆ పెద్ద బంతుల్లో నీళ్ళు నిలవ ఉంచుతారని నాకు చెప్పింది ఆయనే. "ఈళ్ళకి ఏరు లేదు, కాలవ లేదు. ఈళ్ళూ మనలాగే. చుట్టూ ఉప్పు, మజ్జెలో ట్యాంకు. అందులో ఎంతుందో చూసుకునేవోడు ఎవడో ఉంటాడు కదరా, పాపం ఆడికి అన్నం సయించదు" అనేవారు. నాకు మాత్రం ఆ బంతుల్ని చూస్తే కడుపు మండేది.

ఒక ఉదయం దుర్భిణీలోంచి చూస్తుంటే సముద్రపు రోడ్డు పక్కన ఎవరో పచ్చికకి నీళ్ళు పెడుతున్నాడు. పైపు గడ్డిలో పడేసి నీడకి పోయాడు. నీళ్ళు పొర్లి రోడ్డు తడిసి ఎండలో మెరుస్తోంది. దుర్భిణీ చేతులు మార్చుకుంటూ అందరం అదే చూస్తున్నాం. బాబాయి వచ్చి లాక్కుని చూశారు. "ఒరే నాయనా, కట్టరా దాన్ని. నీకు పున్నెముంటాది, కట్టరా" అని అంత దూరాన ఉన్నవాణ్ణి బతిమాలారు. ఆయన ఒకరిని అలా బతిమాలడం నేను విన్నది ఆ ఒక్కసారే. ఆ పూటే దుర్భిణీ కూడా పైపు ఉన్న పెట్టెలోకి వెళ్ళిపోయింది.

మా ఇంజనీరు గుజరాత్ మనిషి. ఒంటినిండా చెమటకాయలు లేచి, ఆ మంట ఓర్చుకోలేక ఒక మధ్యాహ్నం పెట్టె తాళం సుత్తితో పగలగొట్టి పైపు తెచ్చి నెత్తిన పెట్టుకున్నాడు. మేం ఆపకపోగా వెనకాల వరసలో నిలబడ్డాం. బాబాయి వచ్చి కుళాయి కట్టేసి, పైపు చుట్టుకుని వెళ్ళిపోయారు. మర్నాడు టీ అవగానే సుద్ద రాసిన కడ్డీ ఇంజనీరు చేతిలో పెట్టి, ఇకనుంచి నువ్వే కొలిచి అందరికీ చూపించమని హిందీలో చెప్పారు. అతను గీత చూసుకుని, కడ్డీని ఒక్కొక్కరి దగ్గరికీ తిప్పాడు. మళ్ళీ పైపు ఊసు తేలేదు. బాబాయి మాత్రం పెట్టెకి కొత్త తాళం వేశారు. నమ్మకం దారి నమ్మకానిది, తాళం దారి తాళానిది ఆయనకి.

చివరికి ఒడ్డునుంచి కబురొచ్చింది. ఆరుగురు ఇళ్ళకి వెళ్ళొచ్చు, ఓడ అమ్ముడయ్యేదాకా ఒకరు ఉండాలి. అది నెలో ఏడాదో ఎవరికీ తెలీదు. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఇంటి దగ్గర నా భార్యకి నెలలు నిండుతున్నాయి. నేను తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ కూర్చున్నాను.

"నేనుంటాన్లే. మీరెల్లండ్రా" అన్నారు బాబాయి.

"పిన్ని ఏమంటుంది బాబాయ్?"

"మీ పిన్నికి నాకోసం ఎదురుచూడ్డం ఇయ్యాల కొత్తా? ఒరే, ఏడుగురు తాగే నీళ్ళు ఒక్కడికి. రెండు పూటలా తానం, అదీ పైపెట్టుకుని. మీరు కదిలితే కదా నాకా వైభోగం" అన్నారు. అందరం నవ్వాం. అంత తేలిగ్గా నవ్వినందుకు ఆయన మీదే కోపం వచ్చింది నాకు. ఇంజనీరు నవ్వలేదు. పొద్దున కడ్డీ మీద గీత ఎంత కిందికి దిగిందో కొలిచి చూపించినవాడు అతనే.

మేం పడవ ఎక్కుతుంటే పైన మోటారు చప్పుడైంది. చూస్తే బాబాయి చొక్కా విప్పేసి, పైపు పట్టుకుని డెక్కు అంచున నిలబడ్డారు. నెత్తిన పోసుకున్నారు, మా మీదికి కూడా చిమ్మారు. "చూడండ్రా, నీళ్ళన్నీ నాయ్యే" అని అరుస్తున్నారు. పడవలో అందరూ చేతులూపుతూ కేకలేశారు. ఒక చుక్క నా పెదాల మీద పడింది. ఉప్పగా ఉంది. అది మంచినీళ్ళ పైపు కాదు, నిప్పు ఆర్పడానికి సముద్రపు నీళ్ళు తోడే పంపుది. పక్కకి చూస్తే ఇంజనీరు కూడా నాలుకతో పెదాలు తడుముకుంటున్నాడు. ఇద్దరం ఏమీ అనలేదు. అంటే పడవ వెనక్కి తిప్పాల్సొస్తుందని ఇద్దరికీ భయం.

ఆ తరవాత ఇంకో వేసవి మొత్తం ఆయన ఆ ఓడలోనే ఒంటరిగా ఉన్నారు. ఇల్లు చేరాక ఇక ఓడ ఎక్కలేదు. "ఇంటి ముందే కాలవ పారతా ఉంటే ఈయన మగ్గుడు నీళ్ళతో తానం చేసి లేచిపోతాడేంట్రా" అని పిన్ని నాకు ఫోనులో చాడీలు చెప్పేది. నేను మళ్ళీ కువైటే, ఈసారి ఇంటిపనికి, వస్తున్నానంటే వద్దనలేదు. ఎప్పుడు ఫోను చేసినా కులాసాయేనా అని మాత్రం అడిగేవారు కాదు. "అక్కడ నీళ్ళెంతున్నాయిరా" అని అడిగేవారు.

ఈ వేసవిలో వాకిళ్ళూ కార్లూ పైపులతో కడగొద్దని అందరి ఫోన్లకీ మెసేజీలు వచ్చాయి. మా వాకిలి మాత్రం పైపుతోనే కడగాలి. ఆయన పోయిన మర్నాటి నుంచి నేను బక్కెట్టు పట్టాను. మామా కిటికీలోంచి చూసి, "మాయ్ వాయిద్" అంది, నీళ్ళకేం బోలెడున్నాయని. ఔను మామా అని బక్కెట్టుతోనే కడిగాను.

పదో రోజు వచ్చింది. బాబా రాలేదు. రొట్టెలు తేవాలని మామాకి చెప్పి డ్రైవరు నన్ను కారెక్కించుకుని సముద్రం ఒడ్డున ఆపాడు. దూరంగా ఓడలు లంగరేసి ఉన్నాయి. ఇంట్లోంచి సీసాడు మంచినీళ్ళు తెచ్చుకున్నాను.

"ఇంత సముద్రం పెట్టుకోని సీసా ఎందుకన్నా?" అన్నాడు వాడు.

"ఉప్పునీళ్ళు ఆయన చాలా పోసుకున్నారు" అన్నాను.

మోకాళ్ళ లోతుకి దిగి, చేతిలో దోసెడు పోసుకుని ఆయన పేరు చెప్పి వదిలాను. తరవాత సీసాకి మూత బిగించాను.

"ఇంగా సగం ఉండాయి గదా, అంతా పొయ్యన్నా" అన్నాడు డ్రైవరు.

"వద్దు, తిడతారు" అని సీసా జేబులో పెట్టుకున్నాను.