నాలుక లేని నదీదేవుడు

ఈ అరబ్బు దేశంలో, మీనా సల్మాన్ రేవు దగ్గర మా షెడ్డు. భవనాలకు అంటించే సింహాలు, పూలతీగలు, స్తంభాల తలలు అచ్చుపోసి ఇవ్వడం మా పని. ఒక హోటల్ యజమానికి విక్టోరియా రాణి కాలంనాటి లండన్ వంతెన లాంటిది తన ముంగిట్లో కావాలనిపించింది. దీపస్తంభాలు, రెక్కల సింహాలు, రాజముద్రలు అన్నీ పోశాం. కింద నీళ్లు లేవు, నీలం పెంకులు పరిపించాడు. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు.

వంతెన కమాను నడిమి రాయి మీద ముందూ వెనకా ఒక్కో మొహం ఉండాలి. మా మేస్త్రీది గోదావరి జిల్లా. ముందువైపు మొహం తానే చేస్తానని అసలు వంతెన ఫోటో జేబులో పెట్టుకున్నాడు. వెనకవైపుది నాకు నోటితోనే చెప్పాడు: "గుబురు గడ్డం, మిడిగుడ్లు, తెరిచిన నోరు. అర్థమైందా?"

అర్థం కాకపోవడానికేముంది? కొత్త కట్టడానికి అలాంటి మొహం ఎందుకు పెడతారో మా జగిత్యాల వైపు చిన్నపిల్లలకీ తెలుసు. మనసుపెట్టి చేశాను. జానెడు నాలుక బయటికి వేలాడదీశాను.

మేస్త్రీ చూసి తల పట్టుకున్నాడు. "ఒరేయ్, ఇది నదీదేవుడ్రా! దిష్టిబొమ్మ చేసి పెట్టావేంట్రా?"

"ఫోటో చూపియ్యకపోతివి గదన్నా. గడ్డమన్నవ్, గుడ్లన్నవ్. ఇగ నదిని నేనెక్కడ సూడాలె?"

మళ్లీ చేసే వ్యవధి లేదు. వెనకవైపు ఎవరు చూస్తారులే అని బిగించేశారు. అక్కడ ఏసీ డబ్బాల వేడిగాలి నేరుగా దాని మొహాన కొడుతుంది. రోడ్డువైపు పెట్టమని రోజూ అడిగాను. షెడ్డులో అందరూ నన్ను చూడగానే నాలుక చాపడం మొదలుపెట్టారు. ఎవరెవరు చాపారో నాకు గుర్తుంది.

ఒకరోజు క్రేన్ కొక్కెం తగిలి మేస్త్రీ చేసిన దేవుడి ముక్కు ఊడిపోయింది. "ఎవడి దిష్టో తగిలింది," అని ఆయనే అన్నాడు, హోటల్ యజమాని ముందరే.

"తగలదా మరి? దిష్టిబొమ్మను ఏసీల దిక్కు పెడ్తివి," అన్నాను. యజమాని ఏమిటని అడిగితే హిందీలో నేనే వివరించాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, "యల్లా, కానివ్వండి, దీన్నే ముందుకు తెండి," అన్నాడు.

తెచ్చారు. కానీ బిగించేముందు మేస్త్రీ ఉలితో నాలుక కొట్టేశాడు. "ఇంగ్లీషు దేవుడు నాలుక చాపడ్రా."

ఆ నాలుక ఏరి తెచ్చుకున్నాను. మామీర్‌లో మా కార్మికుల క్యాంపులో నా మంచం పక్క కిటికీలో ఉంది. జనం ఆ వంతెన ముందు ఫోటోలు దిగుతున్నారు. నేను ప్రతి శుక్రవారం మేస్త్రీ గది తలుపు కొట్టి, నాలుక ఎప్పుడు అతికిస్తావని అడుగుతున్నాను. జిగురు లేదంటాడు. షెడ్డు నిండా జిగురే.