పచ్చరాయి నాకిన మామయ్య

మా మామయ్య రాయిని నాకి దాని పేరు చెబుతాడు. ఒకసారి ఇసుక రేణువును నాకి, అది ఏ కొండ నుంచి రాలిందో, ఆ కొండ ఎందుకు అలిగిందో కూడా చెప్పాడు. అబద్ధమైతే చెవి కోసుకుంటాను. నేను మానేశాక బడి కోలుకోలేదు గానీ, ఈ విద్య మాత్రం ఆయన దగ్గర పూర్తిగా నేర్చాను.

రాళ్ల మ్యూజియం వెనకగదిలో ఆయన చీటీలు అంటిస్తాడు, నేను పెట్టెలు మోస్తాను. తడి తగిలితే రాతి రంగు తేటపడుతుంది. గిన్నెలో నీళ్లున్నా, అక్కడ అందరికీ నాలుకే దగ్గర.

ఆ ఉదయం చీటీ లేని పెట్టెలో పచ్చరాయి వచ్చింది. నలుచదరపు పలకలు, గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. మామయ్య నాకాడు. "అభ్రకంలా ఉందిరా, రంగు మాత్రం చిలకది" అన్నాడు. మధ్యాహ్నం పక్కవీధిలోని ఇంటికి వెళ్లి, ఐదు నెలల మనవరాలిని ఎత్తుకుని, అన్నం తిని వచ్చాడు.

అప్పుడు మ్యూజియం చూసుకునే మేడమ్ ఆ పెట్టెను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇది ఎవరు ముట్టుకున్నారు?"

"నాకాను కూడా అమ్మా."

"బాబాయ్, అది టోర్బర్నైట్. అరుదైన యురేనియం రాయి. పచ్చదనం అందులోని రాగిది. పొడిగాలికి తనలోని నీటిని వదిలేసి పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి ఒంట్లోకి పోకూడదు."

"ఇక దీపం ఖర్చు లేదు మామయ్యా, నోరు తెరిస్తే చాలు" అన్నాను. ఆయన తన చొక్కా చేతులనే చూస్తున్నాడు. వాటి మీద పచ్చటి పొడి మెరుస్తోంది.

"పాప నా చొక్కా చప్పరించింది" అన్నాడు.

రేడియేషన్ తగిలితే టిక్కుమనే గీగర్ కౌంటర్ తీసుకుని మేడమ్ మాతో నడిచింది. మామయ్య ఆ చొక్కాతో ఇంటి గడప దాటలేదు. ఆయన కూతురు, నా మరదలు, పాపను ఒళ్లో పెట్టుకుని, "ఏమైంది బావా, నాన్న లోపలికి రాడేం?" అంది. నేను మేడమ్ చేతిలోని యంత్రాన్ని చూపించాను.

ఆ యంత్రం ఊరికే కూడా అప్పుడప్పుడూ టిక్కుమంటుందట. ప్రతి టిక్కుకూ మా పైప్రాణాలు పైనే పోయాయి. పాప గౌను దగ్గర అది గబగబా కొట్టుకుంది. మరదలు గౌను విప్పేసింది. మేడమ్ పాప పిడికిళ్లు, పెదాలు, మెడ దగ్గర పెట్టి చూసింది. మళ్లీ మొదటి నెమ్మది టిక్కులే.

"ఒంటి మీద లేదు. లోపలికి పోలేదని మాత్రం ఆసుపత్రిలో పరీక్ష చేశాకే చెప్పగలరు. బాబాయ్, ముందు మీరు రండి, మిమ్మల్ని చూడాలి."

"నా సంగతి తర్వాత" అన్నాడు మామయ్య గడప బయటి నుంచే. "పాప నోటి దగ్గర ఇంకోసారి పెట్టండి."