కాదనలేని శెట్టి కట్టిన ఇల్లు

మార్కాపురం బజారులో ఉమామహేశ్వర్లు కిరాణా దుకాణానికి వెళ్లి ఏం అడిగినా లేదు అన్న మాట వినపడదు. చింతపండు అయిపోయి ఉంటుంది, డబ్బా బోర్లించి తట్టినా పిక్క రాలదు. అయినా ఆయన "నిండుకుందమ్మా, సాయంత్రానికి వస్తాది" అంటాడే తప్ప ఇంకో మాట అనడు. వాళ్ల నాయన నేర్పిన పద్ధతి అది. గల్లా ముందు కూర్చున్న మనిషి నోట లేదు, కాదు అనే రెండు మాటలు వస్తే లక్ష్మి అలిగి పక్క కొట్టుకు వెళ్లిపోతుందని ఆ పెద్దాయన నమ్మకం. పక్క కొట్టు కూడా వాళ్ల చిన్నాయనదే కాబట్టి లక్ష్మి మరీ దూరమేం పోయేది కాదు. కానీ నమ్మకం నమ్మకమే.

ఇంత మెత్తటి మనిషి ఇంట్లో ఇంకెంత మెత్తగా ఉంటాడో అనుకుంటే పొరపాటే. ఇల్లు కొట్టు వెనకే. మధ్యలో ఒక గడప, దానికో పరదా. పగలంతా వాడకుండా దాచుకున్న కాదులూ లేదులూ అన్నీ ఆ గడప దాటగానే ఖర్చు పెట్టేవాడు. వాటిని అందుకోవడానికి ఉన్నది ఆయన భార్య రామతులసమ్మ ఒక్కతే. శ్రీశైలం పోదామా అంటే కాదు. పరదా మారుద్దామా అంటే అక్కర్లేదు. ఆమె వాటిని పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది.

ఒక్క వంటగది సంగతి మాత్రం ఆమె మరిచిపోలేకపోయింది. కొట్టు గోడకూ వెనకింటి గోడకూ నడుమ ఇరుక్కున్న గది అది. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేస్తే గానీ కందిపప్పులో రాయి కనపడదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె బజారును చెవులతోనే చూసింది. కూరగాయల బండివాడి గొంతు వింటే వాడికి జలుబు చేసిందో లేదో చెప్పేది. తేరు వస్తుంటే పోపు మాడకుండా చూసుకుంటూనే, మేళం విని అది ఏ సందు దగ్గర ఆగిందో చెప్పేది. ఎవరైనా ఆ తెలివిని మెచ్చుకుంటే ఆమెకు ఒళ్లు మండేది.

అందుకని తర్లుపాడు రోడ్డులో స్థలం కొని ఇల్లు మొదలుపెట్టినప్పుడు ఆమె అడిగింది ఒకే ఒక్కటి. ప్లాను గీయడానికి వచ్చిన ఇంజనీరు శివనాగరాజుకు కాఫీ ఇచ్చి, "నాయనా, వంటింట్లో వీధి వైపుకు పెద్ద కిటికీ పెట్టు. కూరగాయలు తరుక్కుంటా మనుషుల్ని చూడాల" అంది. వీధి తూర్పున ఉంది, వంటగది ఆగ్నేయంలో వచ్చింది, నాలుగడుగుల కిటికీ చక్కగా కుదిరింది. ఆ రోజు ఉమామహేశ్వర్లు మంచి ఊపులో ఉండి సరేనన్నాడు.

ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇసుక గురించీ ఇనుము గురించీ చెప్పేవాళ్లు బోలెడు మంది ఉంటారు. ముందు తెలుసుకోవలసింది మాత్రం ఎవరూ చెప్పరు. ఇంటి సంగతి ఎక్కడ కూర్చుని మాట్లాడాలన్నదే అది. ఉమామహేశ్వర్లు కొట్లో కూర్చుని మాట్లాడాడు.

మొదట తర్లుపాడు రైతు మస్తానయ్య వచ్చాడు. సరుకులు కట్టించుకుంటూ, "శెట్టీ, నీ పునాది చూసి వచ్చినా. ఎత్తు చాలదు. రోడ్డు ఏసినప్పుడల్లా అడుగు లేస్తాది. మా అల్లుడి ఇంట్లోకి ఇప్పుడు బాయిలోకి దిగినట్టు దిగాల్సి వస్తాంది" అన్నాడు.

"అట్లనే పెదనాయనా" అన్నాడు ఉమామహేశ్వర్లు. మస్తానయ్య వీధి చివరకు పోకముందే మేస్త్రీ హనుమంతుకు ఫోను వెళ్లింది, పునాది అడుగు లేచింది. ఆ వారంలోనే పలకల ఫ్యాక్టరీలో పనిచేసే ఏబేలు వచ్చి, వానొస్తే ఆ వీధిలో నీళ్లు ఎంతవరకు నిలుస్తాయో మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించాడు. అతనికీ అట్లనే. పునాది ఇంకో అడుగు లేచింది.

మెట్లు ఇంటి లోపలుంటే మేడ అద్దెకు ఎవరూ రారని ఒకరన్నారు. అట్లనే అన్నాడు, మెట్లు బయటికి వచ్చాయి. ఉత్తరాన బరువు కూడదని ఇంకొకరన్నారు. మెట్లు లేచి పడమటికి పోయాయి. పడక గదిలో స్నానాలగది అపచారమని ఒక పెద్దామె, ఒంట్లో బాగుండని రోజు దాని విలువ తెలుస్తుందని టీచరు కృపావరం, ఇద్దరూ ఒకే రోజు కొట్లో నిలబడి చెప్పారు. ఉమామహేశ్వర్లు ఇద్దరికీ అట్లనే అన్నాడు. స్నానాలగదికి లోపలినుంచి ఒక తలుపు, పెరట్లోంచి ఒక తలుపు పెట్టించాడు. స్నానానికి పోయినవాళ్లు రెండు గడియలూ గుర్తుపెట్టుకుని వేసుకోవాలి, ఒకటి మరిచిపోతే పరువు పెరట్లోకి పోతుంది.

హనుమంతు మంచి మేస్త్రీ గానీ, అతనికి వాదించే ఓపిక ఎప్పుడూ లేదు. కట్టమంటే కట్టాడు, కొట్టమంటే కొట్టాడు. పొద్దున్నే ఫోను చేసి, "అన్నా, నిన్న చెప్పిందే నడుస్తాందా, ఏమన్నా మారిందా?" అని కనుక్కుని తర్వాతే తాపీ పట్టుకునేవాడు.

ఇట్లా ఉండగా నిత్యానందం వచ్చాడు. రిటైరైన గుమాస్తా, వాస్తు మీద దొరికినదంతా చదివినవాడు, కాలక్షేపానికి ఊళ్లో కట్టే ఇళ్లన్నీ చూసి వచ్చేవాడు. అరకిలో చక్కెర అడిగి, అది పొట్లం కట్టేలోగా పని కానిచ్చేశాడు. "వీధిలో పొయ్యేవాడికి పొయ్యి కనపడితే ఆ ఇంట్లో గింజ నిలవదు శెట్టీ. ఆ కిటికీ తీసెయ్."

ఉమామహేశ్వర్లు చెయ్యి పొట్లం దారం దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆ కిటికీ ఎవరిదో ఆయనకు తెలుసు. కానీ కూర్చున్నది గల్లా ముందు. "అట్లనే సార్" అన్నాడు.

నాలుగడుగుల కిటికీని ఇటుకలతో మూసేసి, పైన బడిపిల్లల పలకంత వెంటిలేటరు వదిలారు. ఆ మాట ఆయన అన్నం తింటూ చెప్పాడు.

"కిటికీ నేను అడిగినాను గదండీ" అంది రామతులసమ్మ.

"కుదరదు. పెద్దాయన చెప్పినాడు."

"ఆయనేమన్నా వచ్చి వండుతాడా అందులో?"

"కాదంటే కాదు" అని ఆయన చెయ్యి కడుక్కున్నాడు.

ఆదివారం కొట్టు మూసి ఇద్దరూ ఇల్లు చూడటానికి వెళ్లారు. మస్తానయ్య అడుగూ ఏబేలు అడుగూ కలిసి గడప ఎక్కడో పైన ఉంది. ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. నేరుగా వంటగదిలోకి పోయి నిలబడింది. లోపల బాగా చీకటిగా ఉంటే హనుమంతు సెల్‌ఫోను లైటు వేసి పట్టుకున్నాడు. ఆమె నాలుగు గోడలూ చూసింది, పైన పలకంత వెలుతురు చూసింది.

"మళ్లా అదే గది కట్టినారే" అంది, మెల్లగా.

ఉమామహేశ్వర్లు స్నానాలగది రెండో తలుపు గడియ చూస్తున్నట్టు నటించాడు. మాట మాత్రం చెవిన పడింది. కానీ నలుగురిలో అట్లనే అన్న మాట వెనక్కు తీసుకోవడం ఆయన వంశంలో లేదు. "గోడలకు రేపు ప్లాస్టరింగ్ మొదలుపెడతా, అన్నా. ఇంగ మార్పులుంటే ఈ పూటే చెప్పండి" అన్నాడు హనుమంతు. ఉమామహేశ్వర్లు ఆ గడియనే ఇంకోసారి వేసి తీశాడు. తిరుగు దారిలో ఆటోలో ఆమె వీధి వైపే చూస్తూ కూర్చుంది, అది చూసి ఆయనకు భయం వేసింది.

మర్నాడు పొద్దున కొట్టు కిటకిటలాడుతోంది. నిత్యానందం స్టూలు మీద కూర్చుని ఎవరికో ఈశాన్యం గురించి చెబుతున్నాడు. ఉమామహేశ్వర్లు తల వంచుకుని శనగపప్పు తూస్తుంటే ఎదుట ఒక సంచీ, గాజుల చెయ్యి కనపడ్డాయి.

"ఏం గావాలమ్మా?" అన్నాడు అలవాటుగా.

"ఒక కిటికీ గావాల."

తలెత్తి చూశాడు. రామతులసమ్మ. పట్టుచీర కట్టుకుని, పరదా వైపు నుంచి కాకుండా వెనక సందులోంచి చుట్టూ తిరిగి, అందరితోపాటు వీధిలో నిలబడి ఉంది. వెనక ఇద్దరు ముగ్గురు బేరాలవాళ్లు మెడలు సాచారు. నిత్యానందం ఈశాన్యాన్ని సగంలో ఆపేశాడు.

లోపలికి పో, తర్వాత మాట్లాడదాం అని ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది కాదు అనడమే. గల్లా ముందు కూర్చుని, సంచీ పట్టుకుని నిలబడ్డ మనిషితో ఆ మాట ఎట్లా అనాలో ఆయనకు తెలియదు. తెలిసిన మాటే అన్నాడు.

"కిటికీ... నిండుకుందమ్మా."

"ఎప్పుడొస్తాది సరుకు?"

"సాయంత్రానికి..." అని, నోరు జారిందని తెలిసి ఆగిపోయాడు.

"నాలుగడుగులది. వీధి వైపుకి" అంది ఆమె.

నిత్యానందం గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, పొయ్యి వీధిలోకి కనపడితే..."

"పొయ్యిని పక్క గోడకు జరుపుకుంటా, అన్నా. కిటికీ పొయ్యికి కాదు, నాకు" అంది రామతులసమ్మ. నిత్యానందం మళ్లీ ఈశాన్యం సంగతికే తిరిగిపోయాడు.

ఉమామహేశ్వర్లు ఫోను తీశాడు. "హనుమంతూ, ప్లాస్టరింగ్ ఆపు. వంటింట్లో ఆ ఇటుకలు తీసెయ్. ఆ, నాలుగడుగులు. లేదు, ఇంగ ఎవురు చెప్పినా మారదు" అన్నాడు. గల్లా ముందు కూర్చుని లేదు అన్నందుకు లక్ష్మి అలిగిందో లేదో ఆయన పట్టించుకోలేదు. ఆయన ఆమెనే చూస్తున్నాడు. పొద్దుటి ఎండ నేరుగా ఆమె మొహం మీద పడుతోంది. అలవాటు లేక కళ్లు చికిలించి, చేత్తో ఎండ కాచుకుంటోంది. చెంపల దగ్గర జుట్టు ఎప్పుడు నెరిసిందో, కళ్ల కింద ఆ గీతలు ఎప్పుడు వచ్చాయో ఆయనకు తెలియదు. రోజూ అన్నం పెట్టిన మనిషిని వెలుతురులో ఇట్లా ఎదురుగా చూడటం అదే మొదలు.

శనగపప్పు పొట్లం పక్కన పెట్టి, ఎవరొచ్చినా అడిగే మాటే ఆమెనూ అడిగాడు.

"ఇంకేం గావాల?"

ఆమె వీధిలోకి చూసింది, సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. వెనక నిలబడ్డవాళ్లు కూడా తొందరపెట్టలేదు.

"ఏమో, ఆలోచించుకోవాల" అంది. "ఎప్పుడూ ఎవురూ అడగలా గదా."

ఉమామహేశ్వర్లు గల్లా దగ్గర్నుంచి లేచి, నిత్యానందాన్ని లేపి, ఆ స్టూలు తెచ్చి ఆమె ముందు వేశాడు.

"కూర్చోని ఆలోచించుకో. నాకేం తొందర లేదు" అన్నాడు.