గుడ్లు మోసే పురుగు కోసం ఒక లెన్సు

మా హైస్కూలు సైన్సు మేష్ట్రు పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు పావగడలో నా ఫోటో స్టూడియో తెరుస్తున్నాను. షట్టరు సగం ఎత్తి అట్లే నిలబడిపోయాను. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఈ తాలూకాలో ఊరూరా ఉన్నారు. నేను చెప్పేది క్లాసు సంగతి కాదు. రిటైరయ్యాక ఆయన నా దగ్గరికి ఒక సలహా కోసం వచ్చిన సంగతి.

రెండేళ్ల కిందట, వానలు పడిన నెలలో, ఒక చిన్న కాంపాక్ట్ కెమెరా, నీళ్లు చొరకుండా దానికి తొడిగే డబ్బా తెచ్చి నా కౌంటరు మీద పెట్టారు.

"దీంతో నీళ్లలో చేప ఫోటో పడ్తా ఉండాదప్పా, గోరంత పురుగు పడ్డంలేదు. ముందర చిన్నవి పెద్దగా చూపించే మాక్రో లెన్సు తగిలించుకోవచ్చంట కదా. ఏది తీసుకోవాల?"

క్యాతగానచెర్లులో వాళ్ల పొలం సోలారు పార్కుకి లీజుకు పోయింది. సోలారు పలకల వరస చివర వాళ్ల పాత దిగుడుబావి మిగిలింది. దారి కోసం దాన్నీ నెల రెండు నెలల్లో పూడ్చేస్తారు. అందులో వీపు మీద గుడ్లు మోసే నీటిపురుగులు ఉన్నాయి.

"ఆడది గుడ్లు పెట్టేసి పోతాది. మోసేది మొగది. పిల్లలు బయటికొచ్చేది చిన్నప్పుడు ఆ బాయిలోనే చూసినా. ఇన్నేండ్లూ పిల్లోళ్లకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినా. ఒక్క ఫోటో కావాల."

నేను పెండ్లి ఫోటోలు తీసేవాణ్ణి. నీళ్ల సంగతి తెలియదు. కానీ మేష్ట్రు నన్ను అడగడమే గొప్పగా తోచింది. ఫోన్లో అటూ ఇటూ చూసి, "అన్నిటికంటే పవర్ ఎక్కువుండేదే తీసుకోండి సార్" అనేశాను.

వారంలో లెన్సు వచ్చింది. ఇద్దరం బావి మెట్ల మీద మోకాలి లోతు నీళ్లలో కూర్చున్నాం. బొమ్మ తేటగా రావాలంటే పురుగుకి రెండు వేళ్ల దూరం దాకా పోవాలి. పోగానే అది మునిగిపోయేది. నిలిచినా ఒక గుడ్డు తేటగా, పక్కది మసకగా పడేది. రెండు రోజులు ఇదే. మూడోనాడు వెళ్తే దాని వీపు బోడిగా ఉంది. పిల్లలు వెళ్లిపోయాయి.

"తప్పు నాది సార్. తెలీకనే చెప్పినా."

ఆయన కోప్పడలేదు. క్లాసులో తప్పు జవాబు చెప్పినవాణ్ణి అడిగినట్టే అడిగారు.

"ఎందుకు అట్ల అనుకుంటివి?"

"పెద్దగా పడ్తాది కదా అని."

"అది బెదరకుండా ఉండేది ముఖ్యమప్పా. దూరం నుంచి తీసేది ఉంటే చూడు. చిన్నగా పడినా పర్వాలేదు."

ఈసారి తెలిసినవాళ్లను అడిగాను. సముద్రంలో ఫోటోలు తీసే బెంగళూరాయన ఒకరు పవర్ తక్కువది, జానెడు దూరం నుంచి పనిచేసేది వాడమని చెప్పి, తన పాతదే పంపారు. మేష్ట్రు ఇంట్లో బకెట్టు నీళ్లలో బియ్యపుగింజలు వేసి వాటిని ఫోటోలు తీస్తూ చెయ్యి కుదుర్చుకున్నారు. తెలియనిది తెలియదని చెప్పడం నాకు అప్పటి నుంచే అలవాటైంది.

బావిలో ఇంకో మొగపురుగు గుడ్లతో కనిపించింది. నాలుగు రోజులు దాని పక్కనే ఉన్నాం. ఐదోనాడు పొద్దున ఒక గుడ్డు తెరుచుకుంది. తెల్లటి పిల్ల సగం బయటికి వంగింది. తండ్రి కదల్లేదు. మేష్ట్రు ఒక్కసారే నొక్కి, "దొరికినాడు" అని ఊపిరి వదిలారు. ఆ ఫోటో ఇప్పుడు మా స్కూలు ల్యాబులో ఉంది.

రెండు రోజుల్లో మట్టి పోస్తారనగా, దొరికినన్ని పురుగుల్ని బకెట్టులోకి తీసుకున్నారు. నాగలమడికలో ఒక శిష్యుడి పొలంలో ఉన్న బావికి నా బండి మీద బయలుదేరాం. బకెట్టు ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్న ఆయన, గుంత వచ్చినప్పుడల్లా, "మెల్లగా పోప్పా, లోపల సంసారాలుండాయి" అనేవారు.

అక్కడ బకెట్టు కుమ్మరించలేదు. పంచె తడుస్తున్నా మెట్టు మీద కూర్చుని, అంచు నీళ్లలోకి వంచి పట్టుకున్నారు. నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. పురుగులు ఒక్కొక్కటే అంచు దాకా వచ్చి, కాసేపు ఆగి, పచ్చటి నీళ్లలోకి ఈదుకుంటూ పోయాయి. ఆఖరిది పోయేదాకా ఆయన అట్లే వంగి ఉన్నారు.