నా మొహం చూడకుండా పాప ఆడిన నాటకం

ఆ రోజు పొద్దున రాగి సంగటి కెలికి, చల్లారిపోతుంది రమ్మని పిలిచినా మా పాప రేణుక పలకలేదు. కాలేజీలో ఏకపాత్రాభినయం పోటీ ఉందని లోపలి గదిలో గోడకు ఎదురుగా నిలబడి తన భాగం చెప్పుకుంటోంది. చిన్నప్పటి నుంచి దానికి అదే పిచ్చి కాబట్టి నేను పట్టించుకోలేదు. వినగా వినగా ఏదో తేడా తోచింది. మాట తడబడితే అక్కడి నుంచి అందుకోవడం లేదు, మళ్లీ మొట్టమొదటికి పోతోంది. ఒక్క ముక్క కాస్త సాగదీసి పలికినా మొదటికే. మధ్యాహ్నానికి గొంతు పోయింది. బయటికి వచ్చి నా మొహంలోకి చూసి అడిగింది.

"మా, సరిగ్గా సెప్పినానా?"

"బాగా సెప్పినావు పాపా."

లోపలికి పోయి మళ్లీ మొదలుపెట్టింది.

మాది పుంగనూరు. మా ఆయన మదనపల్లె టమాటా మండీలో పనికి పోతారు. నేను చదివింది ఐదో తరగతి. జబ్బు అంటే జ్వరమో, నొప్పో ఉంటుందనే నాకు తెలుసు. పాపకు అవేమీ లేవు. పరీక్షలో అక్షరం వంకర పోయిందని పేజీ అంతా కొట్టేసి మళ్లీ రాసి, సగం ప్రశ్నలు వదిలేసి వచ్చేది. జడ పాయలు సమంగా రాలేదని విప్పి అల్లి, విప్పి అల్లి, బస్సు పోగొట్టుకునేది. పాటలో సగం మాటలు తప్పులు పాడుతూ వంటింట్లో నా వెనకాలే తిరిగిన పిల్ల ఎటు పోయిందో తెలియదు. ఇంట్లోనే ఉన్న బిడ్డ కోసం అట్లా ఎదురుచూశాను.

పుంగనూరులో డాక్టరు బ్లడ్ టెస్టు, థైరాయిడ్ చేయించారు. అన్నీ నార్మల్. గాలి సోకిందేమోనని పక్కింటామె అంటే తాయెత్తు కట్టించాం. ముడి సరిగా లేదని దాన్నీ విప్పి కట్టుకుంటూ కూర్చుంది. చివరికి ఆ డాక్టరే మదనపల్లెలో సైకియాట్రిస్టు దగ్గరికి పొమ్మన్నారు.

ఆ డాక్టరమ్మ పాపతో చాలాసేపు మాట్లాడి నన్ను లోపలికి పిలిచారు. "దీన్ని ఓసీడీ అంటారమ్మా. ఈమెలో పర్ఫెక్షనిజం బాగా ముదిరింది. ఇది పొగరు కాదు, గాలీ కాదు. ట్రీట్‌మెంట్ ఉంది" అన్నారు. టాబ్లెట్లు రాశారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. వారం వారం కౌన్సెలింగ్. మొదట్లో టాబ్లెట్లకు వికారం, మత్తు. పాప ఓర్చుకుంది.

తలలో ఏం జరుగుతోందో రాసుకు రమ్మని కౌన్సెలింగ్‌లో చెప్పారట. అది రాస్తూ రాస్తూ పాప ఒక నాటకమే కట్టింది. మనిషి ఒక్కతే. ఒక ఇల్లాలు తెల్లవారి వాకిట్లో ముగ్గు వేస్తుంది. ఒక గీత వంకర పోతే కడిగి మళ్లీ వేస్తుంది. పాలాయన వస్తాడు, అత్త వస్తుంది, ఎండ వస్తుంది, ముగ్గు తెమలదు. అందరి మాటలూ పాపే మాట్లాడుతుంది. చివరికి ఆ ఇల్లాలు వంకర ముగ్గు దాటుకుని పనికి పోతుంది.

కాస్త నెమ్మదించగానే, టాబ్లెట్ వల్ల మాట మొద్దుబారుతోందని ఎవరికీ చెప్పకుండా మానేసింది. అదే సమయంలో పుంగనూరులో మొదటి ప్రదర్శన. నేను ముందు వరసలో కూర్చున్నాను. పక్కన మా అన్న గంగులప్ప. పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడి పేరు తెచ్చుకున్నవాడు. పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అనడం, నటుడు మళ్లీ పాడటం ఆ నాటకాల్లో మర్యాద. పాప అత్త గొంతుతో ఒక మాట అంటే హాలంతా నవ్వింది. మా అన్న ముచ్చటపడి వన్స్ మోర్ అని కేకేశాడు.

పాప మళ్లీ చెప్పింది. చెప్పి నా వైపు చూసింది. తల ఊపాను. ఇంకోసారి చెప్పింది. మళ్లీ చూసింది. కాసేపటికి నాటకం మొదటికి వెళ్లిపోయింది. అది కూడా ఆటలో భాగమే అనుకుని జనం నవ్వుతూనే ఉన్నారు. చివరికి తెర దించారు.

ఇంటికొచ్చాక మా అన్న అన్నం ముట్టలేదు. "ఆశ కొద్దీ అన్న్యాను పాపా. మా కాలంలో ఆ మాట పడితే రాజైనట్టే. నాకేం తెల్సు" అన్నాడు.

పాపే ఆయన పక్కన కూర్చుంది. "నువ్వు ఒకసారే అన్న్యావు మామా. మిగతావన్నీ నా తలకాయే అనింది."

మళ్లీ మదనపల్లె. డాక్టరమ్మ కోప్పడలేదు. రిలాప్స్, అంటే జబ్బు తిరగబెట్టడం, ఓడిపోవడం కాదని, టాబ్లెట్ ఆపాలన్నా తనతో చెప్పి మెల్లగా తగ్గించాలని చెప్పారు. తర్వాత నా వైపు తిరిగారు. "మీరు తల ఊపితే ఆమెకు ఒక్క నిమిషం నెమ్మది. తర్వాత మళ్లీ అదే ఆకలి. సరిగ్గా చేశానా అని అడిగితే జవాబు చెప్పకండి. కొన్నాళ్లు నాటకానికి హాల్లో కూర్చోకండి."

బిడ్డకు అన్నం పెట్టొద్దన్నట్టు అనిపించింది. అయినా అడిగినప్పుడల్లా, నాకు తెలీదు పాపా, రా, అనపకాయలు ఒలుద్దాం అనేదాన్ని. "యాల మా ఇట్ల సేస్తాండావు" అని ఏడ్చి తలుపు వేసుకునేది. తలుపు ఇవతల కూర్చుని నేనే ఒలిచేదాన్ని. కొన్ని నెలలు పోయాక ఒకనాడు తలుపు తీసుకుని వచ్చి, ఏమీ అడగకుండా చేటలో చెయ్యి పెట్టింది.

చదువు అయ్యాక కుప్పంలో టీచరు పని దొరికింది. అక్కడే గది తీసుకుంది. కుప్పంలో, శాంతిపురంలో ఆ నాటకం ఆడింది. నేను బస్సెక్కి పోయి, హాలు బయట చెప్పులు విడిచే చోట మెట్ల మీద కూర్చునేదాన్ని. గోడ అవతల జనం నవ్వితే, ఆ నవ్వు తెప్పించినప్పుడు పాప మొహం ఎట్లా ఉందో చూడాలని ప్రాణం కొట్టుకునేది. ముక్కూ మొహం తెలియనివాళ్లు చూస్తున్న నా బిడ్డను నేను చూడలేకపోయాను.

ఈ ఏడు మదనపల్లెలో ఆట ఉంటే డాక్టరమ్మను అడిగి వచ్చి, "ఈసారి లోపల కూర్సో మా" అంది. మధ్య వరసలో కూర్చున్నాను. ఒక చోట మాట మరిచింది. నా వైపు చూస్తుందేమోనని తల దించుకున్నాను. చూడలేదు. కొంచెం ఆగి, తర్వాతి మాట అందుకుని సాగిపోయింది.

పుంగనూరు బస్సులో నా పక్కనే కూర్చుని చెనక్కాయలు తింటూ బడి పిల్లల అల్లరి చెప్పింది. అడుగుతుందేమోనని చూస్తూనే ఉన్నాను. అడగలేదు. ఆ ప్రశ్న పోవాలని ఎందరు దేవుళ్లకు మొక్కుకున్నానో. ఆ పూట మాత్రం ఒక్కసారి అడిగితే బాగుండుననిపించింది. చెప్పడానికి నా దగ్గర అంత ఉంది. ఊరు రాకముందే నా భుజం మీద నిద్రపోయింది.

చిన్న డోస్ టాబ్లెట్ ఇంకా వేసుకుంటోంది. ముందు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. మీ ఇంట్లోనూ ఇట్లాంటి బిడ్డ ఉండి, జవాబు చెప్పొద్దని డాక్టరు అంటే, లేచి అవతలికి వెళ్లకండి. ఒలవడానికి ఏదైనా ఒళ్లో పెట్టుకుని పక్కనే కూర్చోండి. చేతులు ఖాళీగా ఉంటే తల్లి నోరు ఆగదు.